పోస్టరు మీద పైడమ్మ

నిన్న తపాలాలో పొడుగాటి అట్టగొట్టం ఒకటి వచ్చింది. మూత తీసి లోపలి కాగితం లాగితే పోస్టరు. మద్రాసులో ఒక మ్యూజియంవాళ్ళు ఒకప్పటి మా పక్కవాటా శిల్పిగారి జ్ఞాపకార్థం ఆయన శిల్పాల ప్రదర్శన పెడుతున్నారట. ఆయన పోయారన్న సంగతి నాకు అలా తెలిసింది. దానితోపాటు ఒక చీటీ. ఆయన శిష్యుణ్ణని చెప్పుకున్న ఒకాయన రాశాడు: "విజయనగరంలో మీరూ గురువుగారూ ఒకే ఇంట్లో ఉండేవారని విన్నాం. ఆయన గురించి నాలుగు మంచి మాటలు రాసి పంపగలరు."

పొద్దుటినుంచీ ఆలోచిస్తున్నాను. ఆయన వేళ్ళు అందంగా ఉండేవి. వీధికుక్కల్ని కొట్టేవారు కాదు. రెండయ్యాయి. మిగతా రెండూ ఎవరైనా సర్దితే తప్ప నా వల్ల కాదు.

పోస్టరు గోడకి ఆనించి చూశాను. నల్లటి కాగితం మీద సిమెంటుతో చేసిన ఆడమనిషి. కింద కూర్చుని, ఒక మోకాలు పైకెత్తి, దానిమీద మోచెయ్యి ఆన్చి, తల కాస్త ఎడమకి వాల్చింది. పాదాలు మనిషికి మించిన పాదాలు, మెడ ఎక్కడా చూడనంత పొడుగు. మొహం మాత్రం అచ్చంగా మనిషి మొహం. ఎడమ చెవి తమ్మె రెండుగా చీలి ఉంది. పైన ఆయన పేరు, ఆ బొమ్మ తలకంటే పెద్ద అక్షరాల్లో. అడుగున ఇంగ్లీషులో రెండు ముక్కలు: పూర్తిగా ఊహలోంచి పుట్టిన స్త్రీమూర్తి అనీ, శ్రీకాకుళం పల్లె ప్రజలచేత కన్నీరు పెట్టించిన శిల్పం అనీ.

కన్నీరు పెట్టిన మాట నిజమే. నేనక్కడే ఉన్నాను.

అరవైల చివర్లో నేను విజయనగరంలో మిషన్ బడి టీచర్ని. కంటోన్మెంటులో ఒక పాత పెంకుటింట్లో ఒక వాటా నాది, రెండో వాటా ఆయనది. ముందు వరండా, వెనక పెరడు ఉమ్మడి. ఆయన ఏదో కాలేజీలో డ్రాయింగు చెప్పేవారు. చెప్పేవారంటే, వెళ్ళేవారు.

మొదటిసారి కలిసినప్పుడు ఆయన నా మొహంలోకి చూడలేదు. సంతలో గుమ్మడికాయ ఎంచేవాడిలా తల చుట్టూ చూశారు. "మీ పుర్రె మంచి పుర్రె మిస్. మొహమే దాన్ని పాడుచేసింది" అన్నారు. ఆయన దృష్టిలో అది పలకరింపు. ఎవరితోనైనా అంతే. మనం చెప్పేది వింటున్నట్టే ఉంటారు, చూపు మన దవడ మీదో చెంప ఎముక మీదో ఉంటుంది. మా హెడ్‌మిస్ట్రెస్ గారు తన అన్నగారు పోయిన సంగతి చెప్పుకుని ఏడుస్తుంటే, ఆవిడ గడ్డం కింద వేలుపెట్టి మొహాన్ని కాస్త వెలుతురులోకి తిప్పిన మనిషి ఆయన.

ఇంట్లో అన్నానికి కూర్చునేముందు సబ్బుతో మోచేతులదాకా కడుక్కునేవారు. బజారుకి బయల్దేరేముందు మాత్రం పెరట్లో తడిమట్టి గంపలో వేళ్ళు ముంచి, గోళ్ళలోకి ఎక్కేదాకా పిసికి, జుబ్బా అంచుకి కూడా కాస్త పూసుకుని వెళ్ళేవారు. ఇది నేను నా కళ్ళతో చూశాను, ఒకసారి కాదు. మూడులాంతర్ల కూడలిలో కాఫీ హోటల్లో ఆ చేతులు బల్లమీద పరిచి కూర్చునేవారు. చూసినవాళ్ళు, పాపం మహానుభావుడు, చెయ్యి కడుక్కునే తీరికైనా లేదు అనుకోవాలని. అనుకునేవాళ్ళు కూడా. ఊళ్ళో అమాయకులకి ఎప్పుడూ కొదవలేదు.

"మట్టి మాట్లాడుతుంది మిస్" అనేవారు. దానికి సందిస్తే కదా మాట్లాడ్డానికి. పొద్దున్న లేచింది మొదలు ఆయనే మాట్లాడేవారు. ఉప్మాలో ఉప్పు తక్కువైనా, వీధిలో దీపం వెలగకపోయినా "పారిస్‌లో అయితే" అని మొదలుపెట్టేవారు. మద్రాసు దాటి అంగుళం వెళ్ళిన మనిషి కాదు. ఎవరైనా ఏదైనా అడిగితే, "మీకది తెలీదులెండి" అని జవాబు. ఆ "లెండి"లోనే ఆయన మర్యాద అంతా ఉండేది.

మా నాయన పాస్టరు. మా ఇంట్లో గోడలకి వాక్యాలే తప్ప బొమ్మలుండవు. అది తెలిసినప్పటినుంచీ ఆయనకి నన్ను చూస్తే జాలి. "మీ వాళ్ళకి కళంటే భయం కదా మిస్" అని వారానికోసారైనా అనేవారు. నాకు కళంటే ఏ భయమూ లేదు. ఆయనంటే విసుగు.

పైడమ్మ మా రెండు వాటాలకీ నీళ్ళు మోసేది, అంట్లు తోమేది. పెరట్లో నుయ్యి ఉన్నా నీళ్ళు ఉప్పన, తాగే నీళ్ళు వీధి చివర కొళాయి నుంచే తేవాలి. మొగుడు జట్కా తోలేవాడు. వేరే కులంవాడు. వాడితో వచ్చేసిందని ఆవిడ అన్న తన తలమీద నీళ్ళు గుమ్మరించుకుని, నాకు చెల్లి లేదు, చచ్చిపోయింది అనేశాడట. సొంత ఊరు ఆమదాలవలస పక్కనే. పాసింజరు ఎక్కితే ఒక పూట ప్రయాణం కూడా కాదు. కానీ ఇన్నేళ్ళలో ఒక్కసారీ వెళ్ళలేదు. పిలుపు లేకుండా ఎలా వెళుతుంది? ఆ వైపునుంచి వచ్చే బండి కూత వినబడితే మాత్రం చేతిలో గిన్నె అలా పట్టుకుని ఉండిపోయేది. అన్న ఒక్కసారి పిలిస్తే చాలని ఆవిడ ప్రాణం కొట్టుకునేది. ఇంకేదీ కోరుకోవడం నేను వినలేదు.

ఆ చెవి ఏమిటే అని ఒకసారి అడిగాను.

"సిన్నప్పుడు మా అన్న నాగేసినాడు టీచరమ్మా. జీడిపిక్కలాట కాడ దెబ్బలాట. కమ్మ ఊడి ఆడి సేతిలోకొచ్చీసినాది. నాకన్నా ఆడే ఎక్కువేడిసినాడు" అంది. చెబుతున్నంతసేపూ ఆ చీలిన తమ్మెని వేళ్ళతో దగ్గరికి చేర్చి పట్టుకుంది.

ఒక వేసవంతా ఆయన పైడమ్మని పెరట్లో కూర్చోబెట్టారు. అంట్లు అయ్యాక, మోకాలు ఎత్తి, తల వాల్చి, కదలకుండా. ఈగ వాలి తోలుకున్నా కసిరేవారు. ఆ పనయ్యాక ఆవిడ నా వాటా గుమ్మం దగ్గరకొచ్చి కాళ్ళు రాసుకుంటూ కూర్చునేది.

"ఏటే పైడీ, ఎలాగొచ్చింది బొమ్మ?" అని ఆవిడ భాషలోనే అడిగితే నవ్వేది.

"మా ఇంటికాడ అద్దం అరిసేతంత ఉన్నాది టీచరమ్మా. ఓపాలి కన్నే కనిపిస్తాది, ఓపాలి ముక్కే కనిపిస్తాది. మొకం మొత్తం ఒక్కపాలి సూసుకున్నది ఈ మట్టిలోనే" అంది. ఆ మాట నేను ఆయనకి చెప్పాను. మనిషన్నవాడికి సంతోషం వెయ్యాలి. ఆయన, "మాస్‌కి ఎప్పుడూ పోలికే కావాలి. ఫారమ్, రూపం, పట్టదు" అన్నారు.

సిమెంటు బొమ్మ తయారైన రోజున చుట్టుపక్కల చదువుకున్నవాళ్ళని పిలిచి కాఫీ ఇచ్చారు. చీలిన చెవి మీద వేలు పెట్టి చెప్పారు: "ఈ చీలిక మన జాతి చీలిక. యుగయుగాల స్త్రీ మౌనం ఇందులో ఉంది." అందరూ తలలాడించారు.

"పైడమ్మ చెవి అలాగే ఉంటుంది కదండీ" అన్నాను నేను.

ఆయన కనుబొమలు ముడిచి నా పుర్రె వైపు చూశారు. "ఏ పైడమ్మ?" అన్నారు.

ఆవిడ అప్పుడు, అదే పెరట్లో, మేం తాగిన కప్పులే కడుగుతోంది.

తర్వాత ఆ బొమ్మ మద్రాసు వెళ్ళింది. మ్యూజియంలో పదిమంది శిల్పుల ప్రదర్శన. ఏ కారణంవల్లనో పోస్టరు మీదికి ఈయన బొమ్మ ఎక్కింది. వాళ్ళు ఒకటో రెండో పంపితే చాలక, ఉత్తరాలమీద ఉత్తరాలు రాసి కట్ట తెప్పించుకున్నారు. సినిమా పోస్టర్లు అంటించేవాణ్ణి వెంటబెట్టుకుని, మైదా జిగురు డబ్బాతో సహా రైలెక్కి, గరివిడిలో, ఆమదాలవలస స్టేషన్లో, బస్సెక్కి శృంగవరపుకోటలో, ఎక్కడ గోడ దొరికితే అక్కడ అంటింపించారు. మద్రాసులో ప్రదర్శనకి శృంగవరపుకోట సంతనుంచి ఎవరు వెళతారని అడిగితే, "మీకది తెలీదులెండి" అన్నారు. ఆమదాలవలస స్టేషన్లో అయితే ఎర్రత్రికోణం కుటుంబ నియంత్రణ ప్రకటన పక్కనే చోటు దొరికింది. ప్లాట్‌ఫారం మీద ఉన్నవాళ్ళందరికీ, కిళ్ళీకొట్టువాడితో సహా, ఇది చేసింది తానేననీ, తన ఇల్లు విజయనగరం కంటోన్మెంటులో ఫలానా చోటనీ చెప్పి వచ్చారట. ఆ సంగతి ఆయనే గొప్పగా చెప్పారు.

ఆయనకి తెలియంది ఒకటుంది. ఆ పల్లెల్లో మనిషికి బొమ్మ చేశారంటే ఆ మనిషి పోయినట్టే. బతికున్నవాళ్ళని రాయిలోనో సిమెంటులోనో నిలబెట్టడం అక్కడ ఎవరూ చూసి ఎరగరు. కూడళ్ళలో ఉన్న పెద్దమనుషులందరూ పోయినవాళ్ళే కదా. ఇది తెలుసుకోవాలంటే పుర్రెలు కాక మనుషుల్ని చూసి ఉండాలి.

ఆ రోజు బడికి సెలవు. విశాఖపట్నం నుంచి ఒక కుర్ర పత్రికాయన వచ్చి వరండాలో కుర్చీలో కూర్చుని ఆయన చెప్పేది రాసుకుంటున్నాడు. నేను నా వాటా గడప దగ్గర బియ్యం ఏరుకుంటున్నాను. "ఈ మూర్తికి మోడల్ ఎవరూ లేరు. పూర్తిగా నా లోపలినుంచి వచ్చింది" అని ఆయన చెబుతున్నారు. అప్పుడు గేటు తోసుకుని ముగ్గురు వచ్చారు. ఒక నడివయసు రైతు, అతని భార్య, ఒక ముసలాయన. ముగ్గురి బట్టలూ తడిగా ఒంటికి అంటుకుని ఉన్నాయి. చావు కబురు కాబట్టి, బండి దిగగానే స్టేషన్ దగ్గర కొళాయి కింద తలమీద నీళ్ళు పోసుకుని అలాగే నడిచొచ్చారు. రైతు చేతిలో కాగితంలో చుట్టిన చీర, దానిమీద పసుపు కుంకుమ పొట్లం. ముత్తయిదువ పోతే ఒంటిమీద కప్పడానికి పుట్టింటివాళ్ళు తెచ్చే చీర.

"ఆమదాలవలస టేసన్ల ఉన్న బొమ్మ తమరే సేసేరా బాబూ?" అన్నాడు రైతు.

ఆయన లేచి నిలబడ్డారు. వెలుతురు పక్కనుంచి పడేటట్టు స్తంభానికి కాస్త ఇటు జరిగారు. "నేనే" అన్నారు.

అతను మెట్టుమీద కూలబడిపోయాడు. "అది మా సెల్లి బాబూ. పైడమ్మ. ఎప్పుడు పోనాది? ఏటొచ్చి పోనాది? మాకు కబురైనా ఎట్టనేదు ఎవులూ." వెనక ఆడమనిషి గొంతెత్తి ఏడుపు అందుకుంది. ముసలాయన పైగుడ్డ మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

అతను పైడమ్మ చెబుతుండే అన్న అప్పన్నేనని నాకప్పుడు అర్థమైంది. ఆయనకీ అర్థమైంది. నేను ఆయన మొహం చూస్తూనే ఉన్నాను. ఒక్క క్షణం కొళాయి వైపు, వీధి చివరకి చూశారు. పైడమ్మ బిందె తీసుకుని నీళ్ళకి వెళ్ళి అప్పటికి కాసేపైంది. ఒక్క మాట అంటే చాలు. నీ చెల్లి బతికే ఉందయ్యా, ఇప్పుడే వస్తుంది, కూర్చో అని. దానికి కళ అక్కర్లేదు, పారిస్ అక్కర్లేదు.

"అది ఎవరి చెల్లీ కాదయ్యా. నా ఊహ" అన్నారు.

"కాదు బాబూ. ఆ సెవి సూడండి. ఆ సెవి నాను తెంపిందే."

"అది చెవి కాదు. గుర్తు. నీకది తెలీదులే."

"మా సెల్లినే నాకు తెల్దా బాబూ" అన్నాడు అప్పన్న. కోపంతో అనలేదు, బతిమాలుకుంటున్నట్టు అన్నాడు. "ఎక్కడ దగనం సేసేరో సూపెట్టండి. ఒంటిమీద కప్పడానికి రానేకపోనాం. ఆ బూడిదమీదైనా ఈ సీరేసి ఎల్లిపోతాం."

పత్రికాయన కలం ఆపి, "ఏమండీ, ఎవరైనా మోడల్..." అని నసిగాడు.

"ఛ ఛ. చూశారా, అక్షరం ముక్క రానివాళ్ళు. బొమ్మ చూస్తే ప్రతివాడికీ తన చెల్లెలే కనబడుతోంది. రైలెక్కి ఏడవడానికొచ్చారు. ఇంతకంటే ఏం కావాలి ఒక శిల్పానికి. రాసుకోండి" అన్నారు ఆయన. ఆ కుర్రాడు రాసుకున్నాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. చేట పక్కన పెట్టి లేచాను. "అదేమిటండీ, పైడమ్మ..." అన్నాను.

"ఏ పైడమ్మ?" అన్నారాయన, నా వైపు తల తిప్పకుండానే. "పదండి, మూడులాంతర్ల దగ్గర మంచి కాఫీ దొరుకుతుంది" అని పత్రికాయన భుజం మీద చెయ్యి వేసి, మెట్టుమీదున్న చీర పొట్లాన్ని దాటుకుని వెళ్ళిపోయారు. తొక్కకుండా దాటారు. అంతవరకు ఒప్పుకుంటాను. నాలుగు మంచి మాటల్లో అది మూడోది అనుకోవచ్చు.

నేను అప్పన్న దగ్గరికి వెళ్ళి, "మీ చెల్లి పోలేదు నాయనా. నీళ్ళకి వెళ్ళింది. వస్తోంది చూడు" అన్నాను. నమ్మలేదు. ఓదార్చడానికి అంటున్నాననుకున్నాడు. ఇంతలో గేటు దగ్గర బిందె చప్పుడైంది.

పైడమ్మ నిండు బిందె చంకనెట్టుకుని అక్కడే ఆగిపోయింది. ముందు అన్నని చూసింది. తర్వాత తడిబట్టలు చూసింది. "ఎవులు పోనారన్నా?" అంది. "అమ్మ గానీ పోనాదా?"

అప్పన్న భార్యే, "నువ్వేనే" అంది.

తర్వాత జరిగింది ఆయన చూసి ఉంటే బాగుండేది, చూసినా ఏం చూసేవారో తెలీదు గానీ. అప్పన్న మొహంలో సంతోషం వచ్చిందా అంటే వచ్చింది. వచ్చి, నిలవలేదు. ముసలాయన, వాళ్ళ చిన్నాన్నట, నెమ్మదిగా, "నీల్లొదిలేసుకున్నాం గదరా దీనికి" అన్నాడు. చచ్చిన చెల్లికి చీర తేవడం తేలికే, బతికున్న చెల్లి ఎదురుగా నిలబడితే పంతం గుర్తొస్తుంది. అప్పన్న చీర పొట్లం తీసి చంకలో పెట్టుకున్నాడు. లేచాడు. పైడమ్మ బిందె దించలేదు, కదల్లేదు. అన్న వెళ్ళిపోతాడన్న సంగతి ఆవిడకి నాకంటే ముందే తెలిసింది.

"బతికున్నాది, అదే సాలు. మరెల్దాం" అన్నాడు నేలకేసి చూస్తూ.

పైడమ్మ బిందె మెట్టుమీద పెట్టింది. "ఆ సీర నాకేనా అన్నా?" అంది.

"అది కట్టకూడదమ్మా. పీనుక్కని తెచ్చిన సీర" అంది వదిన.

"సచ్చేక కప్పితే నాకేటి తెలుస్తాది వదినా. ఇలాగియ్యి."

చెయ్యి చాపి నిలబడింది. అప్పన్న ఇవ్వలేదు, ఇవ్వనని కూడా అనలేదు. ఆవిడే అన్న చంకలోంచి పొట్లం లాక్కుని, కాగితం చింపి, నీళ్ళోడుతున్న పాతచీర మీదనే ఆ ఎర్రచీర చుట్టేసుకుంది. పసుపు కుంకుమ నేలమీద ఒలికాయి. అప్పుడు కదిలాడు అప్పన్న. చెల్లి తలమీద చెయ్యి వెయ్యబోయి, ఎందుకో ఆ చీలిన చెవి దగ్గర ఆపి, తమ్మె రెండు ముక్కలూ వేళ్ళతో దగ్గరికి చేర్చి పట్టుకున్నాడు. ఆవిడ ఎలా పట్టుకునేదో అలాగే. "ఇంటికి రాయే" అన్నాడు. ఇద్దరూ ఏడిచారు. నేనూ ఏడిచాను, నాకేం సిగ్గులేదు.

సరిగ్గా అప్పుడు ఆయన తిరిగొచ్చారు, దారిలో బస్సు ఎదురైతే కాఫీ మానేసి పత్రికాయన్ని ఎక్కించి. గేటు దగ్గర ఆగి, రెండు చేతుల వేళ్ళూ చట్రంలా కలిపి కంటిముందు పెట్టుకున్నారు. "ఆ మడత. కదలకు. అలాగే ఉండు పైడమ్మా" అన్నారు.

ఆ పూటకి ఆయనకి పేరు తెలిసింది.

ఆ వేసవంతా కదలకుండా కూర్చున్న మనిషి, ఆ మాట విని కదిలింది. "నీల్లు తెచ్చేను, తోడుకోండి బాబూ" అని బిందె చూపించి, ఆ ఎర్రచీరతోనే అన్న వెంట స్టేషన్‌కి నడిచింది. మొగుడికి కబురు నేను చెప్పాను. వారానికి తిరిగొచ్చింది, వంకాయలూ బెల్లమూ మూటగట్టుకుని, నాకూ పెట్టింది. ఆయన వాటాలో అంట్లు తోమడం మాత్రం మానేసింది. ఆయన కొన్నాళ్ళు తానే తోముకుని, ఆ చేతులు కూడా హోటల్లో బల్లమీద పరిచే ఉంటారు.

పత్రికలో వ్యాసం వచ్చింది. శ్రీకాకుళం పల్లె ప్రజలు కళాఖండం ముందు కన్నీరుమున్నీరయ్యారని. తర్వాత ఆయన మద్రాసు వెళ్ళిపోయారు. ఆ కథ చెప్పుకుంటూనే గొప్పవారయ్యారని విన్నాను. ముగ్గురు మనుషులు మొదట ఊరయ్యారు, తర్వాత జిల్లా అయ్యారు. ఇప్పుడు పోస్టరుకెక్కారు.

ఈ మధ్యాహ్నం పోస్టరు చుట్టబెట్టి పైడమ్మ ఇంటికి తీసుకెళ్ళాను. జుట్టు నెరిసింది. వీధరుగు మీద వడియాలకి కాపలా కూర్చుని ఉంది. పోస్టరు ఒళ్ళో పరిచి చాలాసేపు చూసింది.

"ఆయన పోయారట పైడీ" అన్నాను.

"అయ్యో. ఆ బాబు పోనాడా" అంది. నిజంగానే బాధపడింది. నాకు రానిది ఆవిడకి వచ్చింది. మళ్ళీ పోస్టరు వైపు చూసి కనుబొమలు ముడిచింది. "మరి ఆయన సచ్చిపోతే నా బొమ్మేసేరేటి టీచరమ్మా?"

నేను గాలికి లేస్తున్న పోస్టరు అంచు నొక్కి పట్టుకున్నాను.

"ఇది టేసన్ల కూడా అంటిస్తారేటి?"

"అంటిస్తారేమో" అన్నాను.

"అయితే మా అన్నకి ముందుగాల ఒక కార్డు ముక్క రాసీండి. నేకపోతే ముసిలోడు మళ్ళీ సీరట్టుకుని వచ్చీగలడు."

అక్కడే కూర్చుని అప్పన్నకి కార్డు రాశాను. శిష్యుడికి ఇంకా రాయలేదు.